మూడు వేల రూపాయల గిటారు

మా ఇంట్లో ఒక గిటారు ఉన్నది. అది కొత్తగా కొన్నది కాదు. అమలాపురంలో చదువు ముగించుకుని హైదరాబాదు వెళ్ళిపోతున్న ఒక కుర్రవాడు సామాన్లన్నీ అమ్ముకుంటూ ఉంటే, మూడు వేల రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. లక్ష రూపాయలు చేసే గిటార్లు కూడా లోకంలో ఉన్నాయి. వాటి పైచెక్కను ఎక్కువగా స్ప్రూసు అనే చెట్టు దుంగ నుంచి తీసిన పలకలతో చేస్తారు. మా గిటారుకు పైచెక్కా, వీపూ, పక్కలూ అన్నీ పల్చటి పొరలు అతికించిన ప్లైవుడ్డే. అయినా దానికీ ఆరు తీగలున్నాయి, ఇరవై మెట్లున్నాయి, మీటితే మోగుతుంది.

మీరంతా గిటారును సినిమాలలో చూసే ఉంటారు. వీణను దగ్గిరగా చూసినవాళ్ళు కూడా మీలో కొందరు ఉండవచ్చు. ఈ రెండింటికీ పోలికలు చాలా ఉన్నాయి. వీణకు కుండ ఎలాగో గిటారుకు డొల్లగా ఉండే పెట్టె అలాగ. వీణకు దండి ఉన్నట్టే దీనికి మెడ ఉన్నది. తీగలు బిగించే బిరడాలు రెండింటికీ ఉన్నాయి. బిరడాల వైపు తీగలు ఆనే చోటును వీణలో మేరువు అంటారు. అవతలి కొసన తీగలు ఆనే దాని పేరు గుర్రం. గిటారు పెట్టె మీద కూడా ఒక చెక్క గుర్రం అతికించి, దాని గాడిలో తెల్లటి సన్నటి బద్ద ఒకటి దిగవేస్తారు. తీగలు ఆ బద్ద మీద ఆనుతాయి. ఇంగ్లీషువాళ్ళు ఆ బద్దను శాడిల్ అన్నారు, అంటే జీను! మనవాళ్ళకు గుర్రం తోచింది, వాళ్ళకు జీను తోచింది. ఇద్దరూ కలిసి సవారీ పూర్తి చేశారు. నేను కూడా ఇక్కడ మేరువు, గుర్రం, జీను అనే మాటలే వాడతాను.

మాది రాజోలు దగ్గర ఒక పల్లె. పక్క వీధిలో మా చెల్లెలు ఉంటుంది. దాని కూతురు ఎనిమిదో తరగతి చదువుతున్నది. రెండేళ్ళుగా సంగీతం నేర్చుకుంటున్నది. సరళీ వరుసలూ, అలంకారాలూ అయిపోయి గీతాలలో పడింది. పాడినది వాయించాలని ఆ పిల్లకు మహా సరదా. వేసవి సెలవులలో గిటారు దానికిచ్చాను. పది రోజులకే వచ్చి నా ముందు చెయ్యి చాచింది. నాలుగు వేళ్ళ కొసలూ గాట్లు పడి ఎర్రగా ఉన్నాయి. ఒకటి చిట్లింది కూడాను.

"మామయ్యా, మొదటి మెట్లు ఎంత నొక్కినా దిగటం లేదు. పైగా గాంధారం పైకి పోతోంది," అన్నది.

వెనకాలే వచ్చిన మా చెల్లెలు, "వేళ్ళు నొప్పెట్టేసరికి వాయిద్యాన్ని తిడుతోంది, అన్నయ్యా! దసరా దాకా చూస్తాను. అప్పటికీ రాకపోతే ఆ గిటారు నువ్వే పట్టుకుపో. దాని పాఠాలు కూడా మానిపించేస్తాను. లెక్కల్లో మార్కులు ఎలాగూ తగ్గుతున్నాయి," అన్నది.

పిల్ల ఏమీ అనలేదు. తల వంచుకుని వేళ్ళ కేసి చూసుకున్నది.

గిటారు నేర్చుకోవటం మొదలుపెట్టి మానేసినవాళ్ళను మీరు కొందరిని చూసి ఉంటారు. "నాకు సంగీతం రాదండీ," అని వాళ్ళే చెబుతారు. వాళ్ళందరినీ నేను ఎరగను గాని, వాళ్ళ గిటార్లను కొన్నిటిని చూశాను. అటక మీద దుమ్ము కొట్టుకుంటున్న వాటిని దించి, పన్నెండో మెట్టు మీద తీగ ఎంత ఎత్తున ఉన్నదో స్కేలు పెట్టి కొలిస్తే చాలావరకు సంగతి తెలిసిపోతుంది. మా గిటారుకు లావు తీగ దగ్గిర ఆ ఎత్తు 4 మిల్లీమీటర్లు ఉన్నది. 3 ఉంటే పిల్లల చేతికి అందుతుంది. ఒక్క మిల్లీమీటరే గదా అనుకోకండి. తీగ ఎంత ఎత్తున ఉంటే వేలు దాన్ని అంత కిందికి వంచాలి. ఆ పని గంటలో ఎన్ని వందల సార్లు చెయ్యవలసి వస్తుందో లెక్క వేసుకోండి.

ఇక గాంధారం సంగతి. ఒక రబ్బరు బాండును రెండు మేకుల మధ్య తగిలించి మీటండి. దాని మధ్య వేలు పెట్టి నొక్కి, బాగా సాగేట్టు చేసి, మిగిలిన భాగాన్ని మళ్ళీ మీటండి. శ్రుతి పెరుగుతుంది. పొడవు తగ్గటం దానికి ఒక కారణం, బిగువు పెరగటం రెండో కారణం. గిటారు మెట్లు అమర్చేటప్పుడు పొడవు లెక్క చూసే అమరుస్తారు. తీగ మరీ ఎత్తుగా ఉండి, నొక్కినప్పుడు ఎక్కువగా సాగితే ఆ లెక్క చెడుతుంది. స్వరం ఉండవలసిన చోటు దాటి పైకి పోతుంది. అంటే మా మేనకోడలు చెప్పినది అక్షరాలా నిజం. దాని వేళ్ళూ నిజమే చెప్పాయి, చెవీ నిజమే చెప్పింది.

మెట్ల లెక్క అన్నాను గనక అది కూడా చెబుతాను, చాలా తమాషాగా ఉంటుంది. గిటారు తీగ మేరువు నుంచి జీను దాకా 650 మిల్లీమీటర్ల పొడవు ఉన్నదనుకుందాం. దాన్ని 17.8 చేత భాగిస్తే 36.5 వస్తుంది. మేరువు నుంచి అంత దూరంలో మొదటి మెట్టు పెట్టాలి. మిగిలిన 613.5ను మళ్ళీ 17.8 చేత భాగిస్తే సుమారు 34.5 వస్తుంది, అది రెండో మెట్టుకు. ఇలాగ పన్నెండు సార్లు చేస్తే ఇంచుమించు తీగ సగానికి చేరుకుంటాం, అక్కడ పై షడ్జమం పలుకుతుంది. మన పన్నెండు స్వరస్థానాలకూ పన్నెండు మెట్లు! గెలీలియో పేరు విన్నారు గదా? ఆయన తండ్రి విన్‌సెంజో గెలిలీ సంగీత విద్వాంసుడు. వాయిద్యానికి మెట్లు అమర్చటానికి పొడవును 18 భాగాలు చేసి ఒక భాగం వదలమని ఆయన 1581లోనే పుస్తకంలో రాశాడు. చేతిలెక్కకు అది చాలా దగ్గిరే.

ఈ లెక్కలో చిన్న చిక్కు లేకపోలేదు. షడ్జమం సెకండుకు 100 సార్లు కంపిస్తే, గొంతుతో శుద్ధంగా పాడే అంతర గాంధారం 125 సార్లు కంపిస్తుంది. గిటారు నాలుగో మెట్టు మీద అది 126 అవుతుంది. వీణ మెట్లను మైనం మీద కూర్చుతారు గనక, చెవికి నచ్చేదాకా జరుపుకోవచ్చు. గిటారు మెట్లు చెక్కలో దిగగొట్టి ఉంటాయి. ఆ ఒక్క కంపనాన్ని మేం ఏమీ చెయ్యలేం. తీగ ఎత్తు వల్ల వచ్చే తప్పును మాత్రం దిద్దవచ్చు.

మా ఊళ్ళో ఒక ముసలి వడ్రంగి మేస్త్రి ఉన్నాడు. తలుపులూ, పందిరిమంచాలూ చేసిన చెయ్యి. గిటారు పట్టుకుని నేనూ, పిల్లా ఆయన దగ్గిరికి వెళ్ళాం. అక్కడే కూర్చుని ఉన్న ఒకాయన, "మూడు వేల గిటారుకు మరమ్మత్తేమిటండీ? ప్లైవుడ్డు ఏం పలుకుతుంది?" అని నవ్వాడు.

అలా అనేవారికి చెప్పటానికి ఒక కథ ఉన్నది. ఆంటోనియో టోరెస్ అనే ఆయన (1817–1892) స్పెయిన్ దేశంలో గిటార్లు చేసేవాడు. ఇప్పటి గిటారు రూపం, లోపల పైచెక్కకు విసనకర్ర పుల్లల్లాగా బద్దలు అతికించే పద్ధతీ చాలావరకు ఆయన చేతిలోనే స్థిరపడ్డాయి. పెట్టె మొత్తంలో నాదానికి ముఖ్యమైనది పైచెక్కేనని ఆయన నమ్మకం. అది రుజువు చెయ్యటానికి 1862లో ఒక గిటారు చేశాడు. దానికి పైచెక్క మంచిది వేశాడు. వీపూ, పక్కలూ మాత్రం కాగితపు అట్టతో చేశాడు! ఆ గిటారు ఇప్పటికీ బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో ఉన్నది. మా గిటారు టోరెస్ గిటారు కాదు, దాని పైచెక్క కూడా ప్లైవుడ్డే. నాదం కొంచెం మొద్దుగా ఉంటుంది, నిజమే. కాని పిల్ల వేళ్ళు చిట్లటానికీ ప్లైవుడ్డుకూ ఏమీ సంబంధం లేదు.

మేస్త్రి గిటారును కంటి దగ్గిర పెట్టుకుని, తలుపు బద్ద వంకర చూసినట్టు మెడ పొడుగునా చూశాడు.

"మెడ బాగానే ఉందండి, మేష్టారూ. పని ఈ తెల్ల బద్దలో ఉందండి. ఎంత దించమంటారు?" అని అడిగాడు.

"పన్నెండో మెట్టు దగ్గిర 1 మిల్లీమీటరు దిగాలి," అన్నాను.

"అయితే బద్దలో 2 తియ్యాలి గదండీ!"

ఎందుకో మీకు తెలిసిందా? మా వైపు పంటబోదెల మీద కొబ్బరి దుంగ వేసి వంతెనగా వాడతారు. దుంగ ఒక కొసను మూరెడు ఎత్తితే, నడిమధ్యన అది అర మూరే లేస్తుంది. పన్నెండో మెట్టు తీగకు నడిమధ్య. కనక అక్కడ 1 దిగాలంటే కొసన 2 దించాలి. పుస్తకాలలో ఈ లెక్క చూసి నేను వెళ్ళాను. ఆయన దుంగ వంతెన మీద నడిచి నేర్చుకున్నాడు.

తీగలు వదులు చేసి జీనును పైకి లాగాం. దాని అడుగున పెన్సిలుతో 2 మిల్లీమీటర్ల గీత గీశాం. మేస్త్రి ఒక గాజు పలక మీద గరుకు కాగితం పరిచి, జీను అడుగు భాగాన్ని దాని మీద నిలువుగా పట్టుకుని రుద్దమని పిల్లకే ఇచ్చాడు. పైభాగం ముట్టుకోకూడదు, దాని వంపు తీగలకు సరిపోయేట్టు చేసి ఉంటుంది. అడుగు ఏమాత్రం వంకరపోయినా గాడిలో సరిగా కూచోదు, నాదం పెట్టెకు అందదు. పది సార్లు రుద్దటం, కొలవటం, మళ్ళీ పది సార్లు రుద్దటం.

"తొందర పడకమ్మా! తీసింది మళ్ళీ అతకదు," అని మేస్త్రి అంటూనే ఉన్నాడు. ఒక పూట పట్టింది.

మొదటి మెట్లు గట్టిగా ఉండటానికి కారణం వేరే. అది మేరువులో ఉన్నది. మేరువులో ఒక్కొక్క తీగకూ ఒక గాడి ఉంటుంది. చౌక గిటార్లలో ఆ గాళ్ళు లోతు తక్కువగా వదిలేస్తారు. దీన్ని పరీక్షించటం చాలా తేలిక. తీగను మూడో మెట్టు దగ్గిర నొక్కి ఉంచి, మొదటి మెట్టుకూ తీగకూ మధ్య సందు చూడాలి. పల్చటి కాగితం దూరేటంత సందు చాలు. మాకు అట్టముక్క దూరింది. మేస్త్రి సన్నటి ఆకురాయి తెచ్చి ఒక్కొక్క గాడినీ బిరడాల వైపుకు వాలుగా, తలవెంట్రుకవాసి చొప్పున దించాడు. ఈ పని మాత్రం పిల్ల చేతికి ఇవ్వలేదు. గాడి లోతు ఎక్కువైతే తీగ మొదటి మెట్టుకు తగిలి బరబరమంటుంది, అప్పుడు మేరువే మార్చాలి.

తీగలు బిగించి పిల్ల నాలుగో మెట్టు నొక్కింది. నొక్కి నా కేసి చూసింది. మళ్ళీ నొక్కింది. గొంతుతో గాంధారం అందుకుని, పక్కనే తీగ మీటింది.

"ఇంకా రవ్వంత పైనే ఉంది, మామయ్యా. కాని మునపట్లాగ కాదు," అన్నది.

ఆ రవ్వంతే మేం ఏమీ చెయ్యలేనన్న ఒక్క కంపనం!

ఇదంతా జరిగినది భాద్రపదంలో. వానలకు మా ఇంటి తలుపులన్నీ ఉబ్బి బిగుసుకుని ఉన్నాయి. సముద్రం దగ్గిర కావటం మూలాన కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. తేమ తగిలితే చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. గిటారు పైచెక్క ఉబ్బినప్పుడు గుర్రమూ పైకి లేస్తుంది, దానితోపాటు తీగలూ లేస్తాయి. ఎండలు వచ్చి ఆరినప్పుడు మళ్ళీ దిగుతాయి. అందుచేతనే మేం 3 మిల్లీమీటర్ల దగ్గిర ఆగాం. వానాకాలంలో సరిగ్గా చేతికి అందేట్టు ఇంకా దించేస్తే, మాఘమాసంలో తీగలు మెట్లకు తగిలి గోల చేస్తాయి. వాయించిన తరువాత ఆ పిల్ల పొడిగుడ్డతో తీగలు తుడుస్తుంది. చెమటా, ఉప్పుగాలీ కలిస్తే ఉక్కుతీగ తుప్పు పట్టటానికి ఎంతోకాలం పట్టదు. చెప్పుల పెట్టెలలో వచ్చే, తేమ పీల్చే పొట్లాలను చెల్లెలు పారెయ్యకుండా దాచి ఇస్తే, గిటారు సంచిలో వేసింది.

పెద్దవాళ్ళకు ఒక మాట. చౌకగా దొరికే గిటార్లు రెండు రకాలు: నైలాను తీగలవీ, ఉక్కు తీగలవీ. ఉక్కుతీగలు ఆరూ కలిసి గుర్రాన్ని సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి, అంటే ఒక నిండు మనిషి బరువు. నైలాను తీగల లాగుడు సుమారు 40 కిలోలు. మోత ఎక్కువ వస్తుందని నైలాను గిటారుకు ఉక్కుతీగలు కడితే, ఒకనాటికి గుర్రం ఊడి చేతికి వస్తుంది.

ఇంక మిగిలినది శ్రుతి. గిటారును మామూలుగా శ్రుతి చేసే పద్ధతి పాశ్చాత్య సంగీతానికి అనువైనది. మా మేనకోడలికి కావలసినది షడ్జమ పంచమాలు. తీగలు తెగుతాయన్న భయం లేని ఉపాయం ఒకటి ఉన్నది: అన్నిటికన్న లావు తీగనూ, సన్నటి తీగలు రెండింటినీ రెండేసి మెట్ల మేర కిందికి దించాలి. మిగతా మూడింటినీ ముట్టుకోనక్కర లేదు. అప్పుడు లావు తీగ నుంచి సన్నటి దాకా వరసగా స, ప, స, మ, ప, స పలుకుతాయి. 1960ల మొదట్లో డేవీ గ్రాహం అనే ఇంగ్లండు గిటారు వాద్యకుడు ఈ శ్రుతిని వాడి ప్రచారంలోకి తెచ్చాడు. తీగలు దించటం మూలాన బిగువు తగ్గుతుంది. గమకం కోసం తీగను పక్కకు లాగటం కూడా తేలికవుతుంది. మీటటానికి మేస్త్రి ఒక ఎండు కొబ్బరి చిప్ప ముక్కను తమలపాకు ఆకారంలో కోసి, నున్నగా అరగదీసి ఇచ్చాడు. చిప్పకు సహజంగా ఉండే వంపు వల్ల అది బొటనవేలి కింద చక్కగా ఇముడుతుంది. కొనుక్కున్న ప్లాస్టిక్ బిళ్ళ ఎక్కడ పడిపోయిందో ఇప్పుడు ఎవరూ వెతకటం లేదు.

పరదేశపు వాయిద్యాన్ని మన పాటకు వంచటం మాతో మొదలైన పని కాదు. రాజోలు నుంచి వెళ్ళి, చించినాడ దగ్గిర వసిష్ఠ గోదావరి దాటితే అవతల పాలకొల్లు. అక్కడ 1969 ఫిబ్రవరి 28న ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. ఆరేళ్ళ వయసులో తండ్రి మేండొలిన్ చేతికి తీసుకున్నాడు. మేండొలిన్ ఐరోపా వాయిద్యం. దానికి ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటిన నాదం వెంటనే అణగిపోతుంది. కర్ణాటక సంగీతానికి అది ఎలా పనికి వస్తుందని చాలామంది అనుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మేండొలిన్ వాయించటం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని అదంతా తీగల మీద పలికించేవాడు. శ్రీనివాస్ విద్యుత్తుతో పనిచేసే మేండొలిన్ తీసుకుని, జతలు తీసేసి, ఐదు ఒంటి తీగలు ఉండేట్టు మార్చుకున్నాడు. జంటతీగలను ఒక్కలాగ లాగి గమకం పలికించటం కష్టం. ఒంటి తీగ వేలి మాట వింటుంది. విద్యుత్తు వల్ల నాదం నిలుస్తుంది. 1978లో గుడివాడలో, త్యాగరాజ ఆరాధన ఉత్సవాలలో కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్ళు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, నలభై ఐదేళ్ళకే, చెన్నైలో కన్నుమూశాడు.

ఆయనతో కలిసి దేశదేశాల కచేరీలు చేసిన ఇంగ్లండు గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ కూడా ఇలాంటివాడే. 1970లలో ఆయన తన గిటారు మెట్ల మధ్య చెక్కను పల్లాలుగా తవ్వించుకున్నాడు. తీగ కింద చెక్క లేకపోతే, వీణలో లాగా తీగను లాగటం తేలికవుతుందని.

ఈ సంగతి నేను మా మేనకోడలికి చెప్పాను. కాని దసరా మాట ముందు చెప్పాలి. విజయదశమి నాడు పొద్దున మా చెల్లెలు వంటింట్లో పులుసు కాస్తున్నది. పిల్ల వసారాలో కూచుని మలహరిలో పిళ్ళారి గీతం మొదలుపెట్టింది. మలహరిలో ఎక్కేటప్పుడు గాంధారం ఉండదు, దిగేటప్పుడే వస్తుంది. దిగి వచ్చిన ప్రతిసారీ అది చోటు తప్పకుండా పలికింది. మొదట చెంచా చప్పుడు ఆగింది. కొంతసేపటికి మా చెల్లెలు గుమ్మంలోకి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. గీతం అయిపోయినా ఏమీ అనలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గిర చూస్తే పులుసులో ఉప్పు లేదు. గిటారు పట్టుకుపొమ్మన్న మాట ఇంతవరకు మళ్ళీ రాలేదు, సంగీతం మేష్టారికి జీతం మాత్రం ఒకటో తారీఖుకే చేరుతున్నది.

మెట్ల మధ్య పల్లాల సంగతి విన్నప్పటి నుంచీ పిల్ల మేస్త్రిని వదలటం లేదు.

"తాతా, మన గిటారుకు కూడా తవ్వేద్దాం!" అంటుంది.

మేస్త్రి ఒప్పుకోలేదు. దానికి బదులు తన పాక అటక మీద నుంచి ఒక పనస పలక దించాడు. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుఫానులో వాళ్ళ పెరట్లో కూలిన చెట్టు తాలూకుదట. తలుపులు చెయ్యగా మిగిలింది. ఇన్నేళ్ళు ఆరిన పనస చెక్క మీద పల్లం తవ్వటం తమాషా కాదు. బొబ్బిలి దగ్గిర గొల్లపల్లిలో వీణలు చేసేది కూడా పనస చెక్కతోనే. ఆ పలక మీద గిటారు మెట్ల కొలతలన్నీ, 36.5తో మొదలుపెట్టి, పిల్లే లెక్కకట్టి గీతలు గీసింది.

"ఇరవై పల్లాలూ ఒక్కలాగ వచ్చాక గిటారు తీసుకురావమ్మా," అన్నాడు మేస్త్రి.

ఇప్పటికి నాలుగు తవ్వింది. మూడోది కొంచెం లోతైంది. ఐదోది జరుగుతున్నది.